పండుతొక్కలోని మందు

అనంతపురము వైపు చీనీ యనియు, తక్కినచోట్ల బత్తాయి యనియు పిలుచు పండును పిండి, రసము త్రాగి, తొక్కను పెంటపై పాఱవైతుము. ఆ తొక్కలోని తెల్లని పొరయందు హెస్పెరిడిన్ అను పదార్థము కలదు. 1828లోనే లెబ్రెటన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు నారింజజాతి తొక్కనుండి దీనిని వేఱుచేసెను. నేడు మూలశంకకు ఇచ్చు కొన్ని మాత్రలలో డయోస్మిన్‌తో కూడ నిదియు చేరుచున్నది.

చిక్కంతయు దానిని బయటికి తీయుటలో నున్నది. నీటిలో నది మిక్కిలి స్వల్పముగా కరుగును. మిథనాల్ బాగుగనే లాగును గాని, అది చూపును హరించు విషము. మ్రింగవలసిన మందులో దాని శేషము మిగులరాదు గదా! అందుచే శాస్త్రజ్ఞులు హానిలేని 'హరిత ద్రావణుల'ను వెదకుచున్నారు.

వీనిలో వింతైన దొకటి చెప్పెదను. కోలీన్ క్లోరైడు 302 డిగ్రీల వేడికి గాని కరుగదు. యూరియాకు 133 డిగ్రీలు కావలెను. అణుసంఖ్యలో ఒకటికి రెండు చొప్పున ఈ రెంటిని కలిపినచో, మిశ్రమము 12 డిగ్రీలకే ద్రవమగును! 2003లో ఇంగ్లండున ఆబట్ బృందము ఈ సంగతి ప్రకటించెను. యూరియాకు మాఱుగా గ్లిసరిన్, నిమ్మఉప్పు మున్నగువానిని చేర్చియు ఇట్టి ద్రవములు చేయుదురు. తొక్కలోని ఫ్లేవనాయిడ్లు వీనిలో చక్కగా దిగును. కాని యివి ఆవిరియై పోవునవి కావు. సారమునుండి వీనిని విడదీయుట కష్టము.

తోటలో చల్లిన పురుగుమందులు కొన్ని ఏ ద్రావణిలోనికైనను సారముతోపాటే దిగవచ్చును. పరీక్షింపక వాడరాదు.

మన చిన్న కర్మాగారములకు మాత్రము, చెఱకుమడ్డిని పులియబెట్టి దింపిన ఆల్కహాలును నీటితో కలిపి వాడుటయే మేలని నాకు తోచును. దానిని బట్టీపట్టి మరల మరల వాడుకొనవచ్చును.