వెనుకబడిన గడియారము

ఊయలలో కూర్చున్న పిల్ల లేచి నిలుచున్నచో ఊపు త్వరపడుటను మీరు గమనించియే యుందురు. కొక్కెమునుండి బరువునకు గల దూరము తగ్గుటయే దానికి కారణము. గోడ గడియారములోని లోలకమునకును ఇదియే నియమము. గుండు బరువైనదా, తేలికైనదా యనుదానితో నిమిత్తము లేదు. ఊపు చిన్నదిగా నున్నంతవఱకు, అది కొంత హెచ్చినను తగ్గినను పట్టు కాలము ఇంచుమించు మారదు. పొడవు నాలుగింతలైనచో కాలము రెండింతలగును. గెలీలియో గుర్తించిన యీ గుణమును ఆధారముగా గొని 1656లో హైగెన్సు లోలకపు గడియారమును రూపొందించెను.

వేసవిలో ఇట్టి గడియారము కొంచెము వెనుకబడును. మీటరు పొడవుగల ఉక్కు కడ్డీ 10 డిగ్రీలు వేడెక్కినచో మిల్లీమీటరులో పదవవంతు మాత్రమే సాగును. అయినను దినమునకు సుమారు 5 సెకండ్లు నష్టపోవును. గుండు క్రింది మరను త్రిప్పి దానిని రవంత పైకెత్తినచో సరిపడును.

1672లో రిషే యను ఫ్రెంచి ఖగోళజ్ఞుడు అంగారక గ్రహమును పరిశీలించుటకై దక్షిణ అమెరికాలో, భూమధ్యరేఖకు చేరువనున్న కయెన్ పట్టణమునకు పోయెను. పారిసులో సరిగా నడచిన గడియారము అచ్చట దినమునకు రెండున్నర నిమిషములు వెనుకబడెను! లోలకమును దాదాపు 2.8 మిల్లీమీటర్లు కురుచ చేయవలసి వచ్చినది. పది నెలలపాటు వారము వారమును కొలిచి చూచినను ఫలితము మారలేదు.

ఆ దేశపు వేడికి కడ్డీ సాగియుండునని కొందఱు తలచిరి. లెక్క వేసి చూడుడు: మీటరు ఇనుప కడ్డీ అంత సాగవలెనన్నచో 200 డిగ్రీలకు మించి వేడెక్కవలెను. గడియారపు తప్పేమియు లేదు. కయెన్‌లో భూమి ఆకర్షణయే తక్కువ. తన చుట్టు తాను తిరుగుటవలన భూమి నడుమ ఉబ్బి, ధ్రువములకడ అణగియున్నదని 1687లో న్యూటన్ వాదించినప్పుడు రిషే కొలతలు ఆయనకు సాక్ష్యములైనవి. నడిమి వ్యాసార్ధము ధ్రువ వ్యాసార్ధముకంటె 21 కిలోమీటర్లు హెచ్చని నేడు తెలిసియున్నది.

అటుపై లోలకము కాలముతోపాటు భూమినిగూడ కొలుచు పరికరమైనది. భారతదేశపు సర్వేశాఖకు చెందిన బాసెవి 1865 మొదలు దేశమున పలుచోట్ల లోలకములను ఊపి చూచెను. 1871లో వానిని లడఖునందు 15 వేల అడుగులకు మించిన యెత్తునకు గొనిపోయి, పని సాగుచుండగనే అచ్చట మరణించెను. అంతటి పర్వతరాశికి ఉండదగిన ఆకర్షణ ఆయన కొలతలలో కనబడలేదు. ఆ కొండల క్రింద, లోతున, పదార్థము పలుచబడియున్నది.