గల్ఫ్ ఏళ్లు, కృష్ణపట్నం ఏళ్లు: కెనడా పీఆర్‌లో దేని లెక్క ఎంత?

నెల్లూరు తీరంలో గల్ఫ్ వెళ్లొచ్చిన పనిమంతులు కొత్త కాదు. వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు, పైప్‌ఫిట్టర్లు, క్రేన్ ఆపరేటర్లు ఇలా ఎందరో. అక్కడ ఎన్నేళ్లు చెమటోడ్చినా మామూలు కార్మికుడికి దొరికేది గడువు తీరగానే రెన్యువల్ చేయించుకోవాల్సిన ఆకామా (నివాస అనుమతి) మాత్రమే గానీ స్థిర నివాసం కాదు. అందుకే చాలామంది చూపు ఇప్పుడు కెనడా పీఆర్ (స్థిర నివాస హక్కు) మీద పడింది. విదేశంలో చేసిన పనికి అక్కడ విలువ ఉన్న మాట నిజమే. ఆ విలువ ఎంతన్న దాని మీద మాత్రం నోటిమాటగా తిరిగే అపోహలు చాలా ఉన్నాయి. వాటిని నమ్మినవాళ్లు డబ్బుతో పాటు వయసునూ పోగొట్టుకుంటున్నారు.

అపోహ: గల్ఫ్‌లో చేస్తేనే విదేశీ అనుభవం. ఊళ్లో చేసింది లెక్కకు రాదు.

వాస్తవం: కెనడాకు కువైట్ ఎంత విదేశమో నెల్లూరూ అంతే విదేశం. నేలటూరులో 800 మెగావాట్ల యూనిట్లు మూడున్న దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో బాయిలర్ ట్యూబులకు టిగ్ వెల్డింగ్ చేసిన ఏడాదికీ, కువైట్ రిఫైనరీలో అదే పని చేసిన ఏడాదికీ పీఆర్ ఇచ్చే కెనడా ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ పథకంలో తేడా లేదు. రెండూ కలిపి చూపించుకోవచ్చు. గత పదేళ్లలో కనీసం ఒక ఏడాది ఒకే వృత్తిలో ఆగకుండా, వారానికి 30 గంటల చొప్పున, జీతం తీసుకుంటూ పనిచేసి ఉండాలి. మొత్తం 1,560 గంటలు. పదేళ్లకు ముందు చేసిన పని ఎంత గొప్పదైనా పనికిరాదు. పీఆర్ కోసమే అప్పు చేసి గల్ఫ్ అనుభవం సంపాదించాలని ఎవరైనా చెబితే నమ్మకండి.

అపోహ: ఎన్నేళ్లు ఎక్కువ చేస్తే అంత ఖాయం.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్న నమ్మకం ఇదే. 2025 నాటి నియమాల ప్రకారం ఈ పథకంలో ముందు వందకు కనీసం 67 మార్కులు రావాలి. అందులో అనుభవానికి గరిష్ఠంగా 15. ఆరేళ్లకే ఆ పదిహేనూ వచ్చేస్తాయి, ఏడో ఏడాదికి అదనంగా ఏమీ రాదు. ఆ గడప దాటినవాళ్లకు 1,200 పాయింట్ల ర్యాంకింగ్ ఉంటుంది. అందులో విదేశీ అనుభవానికి విడిగా పాయింట్లు లేవు. ప్రధానంగా మంచి ఇంగ్లిషు తోడైతే వస్తాయి. ఐఈఎల్‌టీఎస్ జనరల్‌లో నాలుగు విభాగాల్లోనూ 6 వస్తే మూడేళ్ల అనుభవానికి 25 పాయింట్లు. లిజనింగ్‌లో 8, మిగతా మూడింట్లో 7 చొప్పున వస్తే అదే మూడేళ్లకు 50. అంతకన్నా ఎక్కువ ఏళ్లున్నా ఇంగ్లిషుతో కలిపి దక్కేది ఆ యాభయ్యే.

వయసు మాత్రం కరిగిపోతూనే ఉంటుంది. భార్యాభర్తలు కలిసి కాకుండా ఒక్కరే దరఖాస్తు చేస్తే 20 నుంచి 29 ఏళ్ల వరకు వయసుకు 110 పాయింట్లు. 35కి అవి 77, 40కి 50, 45కి సున్నా. ఇంకో రెండేళ్లు కువైట్‌లో ఉండి వద్దామనుకునే ముప్పై ఎనిమిదేళ్ల మనిషికి అనుభవంలో కలిసొచ్చేది ఏమీ ఉండకపోవచ్చు, వయసులో పదకొండు పాయింట్లు పోవడం మాత్రం ఖాయం.

ముందు చెప్పిన వంద మార్కుల గడపకు ఒక లెక్క చూడండి. ముప్పై మూడేళ్ల డిప్లొమా ఫిట్టరు, ఆరేళ్ల పని. వయసుకు 12, అనుభవానికి 15. చదువు రెండేళ్ల కోర్సుకు సమానమని మదింపులో తేలితే 19. ఐఈఎల్‌టీఎస్‌లో అన్నీ 6 వస్తే 16. మొత్తం 62, గడపకు అయిదు తక్కువ. భార్య కూడా ఇంగ్లిషు పరీక్ష రాసి ప్రాథమిక స్థాయి అందుకుంటే ఆ అయిదూ వస్తాయి. చాలా ఇళ్లలో ఈ సంగతి ఎవరూ చెప్పడం లేదు.

ఆస్ట్రేలియా దారి వేరు. అక్కడ విదేశీ అనుభవానికి విడిగానే పాయింట్లుంటాయి: మూడేళ్లకు 5, అయిదేళ్లకు 10, ఎనిమిదేళ్లకు 15.

అపోహ: ఏ పనైనా పనే.

వాస్తవం: కెనడా వృత్తులను 0 నుంచి 5 వరకు స్థాయిలుగా విడగొట్టింది. స్కిల్డ్ వర్కర్‌గా లెక్కకొచ్చేవి 0, 1, 2, 3 మాత్రమే. కృష్ణపట్నం పోర్టు నుంచి దూరప్రాంతాలకు సరుకు తోలే లారీ డ్రైవరు 2022 నవంబరులో మారిన వర్గీకరణతో 3వ స్థాయిలోకి వచ్చాడు. కువైట్‌లో ఒక ఇంటికి కారు నడిపే డ్రైవరు 5లోనే ఉన్నాడు. వెల్డరు 2లో ఉంటే కాగితం మీద ‘హెల్పర్’ అని రాసి ఉన్నవాడు 5లోకి జారిపోతాడు, చేతిలో టార్చ్ పట్టుకుని వెల్డింగ్ చేసింది అతనే అయినా సరే. రొయ్యల చెరువుల్లో కూలి పని కూడా 5వ స్థాయే. ఖాదిం (ఇంటిపని) వీసా మీద వెళ్లి బయట సైట్లలో పనిచేసినవాళ్ల బాధ మరీ ఎక్కువ. వాళ్ల పనితనంలో లోటు ఉండదు, దాన్ని చూపించే కాగితమే ఉండదు.

అపోహ: కంపెనీ ఇచ్చిన సర్వీస్ సర్టిఫికెట్ చాలు.

వాస్తవం: ‘ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు పనిచేశాడు’ అన్న ఒక్క వాక్యం చాలదు. లెటర్‌హెడ్ మీద హోదా, తేదీలు, వారానికి ఎన్ని గంటలు, జీతం, అన్నిటికన్నా ముఖ్యంగా చేసిన పనుల వివరం ఉండాలి. సంతకం పెట్టినవారి పేరు, ఫోన్, ఈమెయిల్ ఉండాలి. గల్ఫ్ నుంచి వచ్చేశాక ఈ ఉత్తరం తెప్పించుకోవడం చాలా కష్టం. ఫైనల్ ఎగ్జిట్‌కు ముందే అడిగి తీసుకోండి. జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు, కాంట్రాక్టు, పాత ఆకామా కాపీలు దాచుకోండి. కృష్ణపట్నంలో సబ్ కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్లకు పీఎఫ్ పాస్‌బుక్ మంచి ఆధారం. చేతికి నగదు ఇచ్చి పీఎఫ్ కట్టని చోట పనిచేస్తే ఆ ఏళ్లను నిరూపించడం గగనమే.

అపోహ: జాబ్ ఆఫర్ లెటర్ కొంటే పాయింట్లు పెరుగుతాయి.

వాస్తవం: ఆఫర్‌కు ఇచ్చే ర్యాంకింగ్ పాయింట్లను 2025 మార్చి 25న తీసేశారు. దొంగ ఆఫరైనా, దొంగ అనుభవ పత్రమైనా పట్టుబడితే అయిదేళ్ల నిషేధం. డబ్బు తీసుకుని కెనడా దరఖాస్తుకు సలహా ఇచ్చేవారు అక్కడి లాయరో, క్యూబెక్ నోటరీనో, లేదా అక్కడి ఇమిగ్రేషన్ కన్సల్టెంట్ల కాలేజీలో సభ్యులో అయి ఉండాలి. ఆ కాలేజీ సభ్యుల జాబితా ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. నెల్లూరులో అడ్వాన్సు కట్టే ముందు లైసెన్సు నంబరు అడిగి, అందులో పేరు ఉందో లేదో చూసుకోండి.