సముద్రం కింద చుక్కల ముగ్గు!

ముగ్గు వేయాలంటే ముందు చుక్కలు పెట్టాలి. చుక్కలు మరీ దూరమైతే నెమలి వస్తుంది గానీ పింఛం రాదు. మరీ దగ్గరైతే... తెల్లారిపోతుంది గానీ ముగ్గు పూర్తికాదు! నేలలోని చమురు, గ్యాస్ ఎంత బయటికొస్తాయో కంప్యూటర్లో లెక్కగట్టే ఇంజినీర్లదీ ఇదే చిక్కు.

బావులు తవ్వి, ధ్వని తరంగాలు పంపి తెలుసుకున్న వివరాలతో వాళ్లు రాతిపొరను గళ్లుగా విడగొడతారు. అదే గ్రిడ్. రాతిలో ఖాళీ ఎంత, పీడనం ఎంత, గ్యాస్ ఎంత సులువుగా పారుతుంది... ఇలా ఒక్కో గుణానికీ గడికో అంకె ఇస్తారు. ఒక గడిలోంచి పక్కదాంట్లోకి ఎంత వెళ్తుందో ఏళ్ల తరబడి కాలానికి లెక్కేస్తే, ఆ క్షేత్రం భవిష్యత్తు కళ్లకు కడుతుంది.

కానీ గడికి ఒక్కటే అంకె! పది మీటర్ల మందమున్న గడిలో ఒక మీటరు బంకమట్టి పొర ఉంటే, అది సగటులో కలిసిపోవచ్చు. గ్యాస్‌కు అది అడ్డుగోడ. కంప్యూటర్‌కు మాత్రం అక్కడ గోడే లేదు! పోనీ గళ్లు చిన్నవి చేద్దామా? పొడవు, వెడల్పు, ఎత్తు సగం చేస్తే ఒక్క గడి ఎనిమిదవుతుంది. లెక్క అంతకంటే ఎక్కువే పెరుగుతుంది. అందుకే పీడనం చకచకా మారే బావి చుట్టూ చిన్న గళ్లు, దూరంగా పెద్ద గళ్లు పెడతారు. గళ్ల దిశా ముఖ్యమే. కొన్ని లెక్కల్లో నీరు వరుసల వెంట త్వరగా, మూలలకు ఆలస్యంగా వెళ్లినట్టు కనిపిస్తుంది. ఆ తేడా రాతిది కాదు, గళ్లది!

ఎక్కడో సముద్రం కింది లెక్క మనకెందుకు అనుకోవద్దు. మణికొండలో లాంకో హిల్స్ టవర్లు చూసే ఉంటారు. వాటిని కట్టిన సంస్థకే కొండపల్లిలో గ్యాస్ విద్యుత్కేంద్రం ఉండేది. అక్కడి కొత్త యూనిట్లు గ్యాస్ అందక ఏళ్ల తరబడి మూలనపడ్డాయి. కారణం... కాకినాడ తీరానికి ఆవల, 2002లో బయటపడ్డ రిలయన్స్ డీ6 బ్లాకు. 2009 ఏప్రిల్‌లో గ్యాస్ మొదలైంది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తుందన్నారు. 2010లో 6 కోట్లు దాటి, ఆ తర్వాత జారిపోయింది. 2012లో నిల్వల అంచనాను దాదాపు మూడో వంతుకు కుదించారు. డీ1, డీ3 క్షేత్రాలు 2020 ఫిబ్రవరిలో ఆగిపోయాయి.

భూగర్భం అనుకున్నదానికంటే సంక్లిష్టంగా ఉందని, నీరు చొరబడిందని సంస్థ చెప్పింది. చెప్పినన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వం వాదించింది. తప్పు గళ్లదేనని ఎవరూ అనలేరు. ఎన్ని చుక్కలు పెట్టినా, కొలవనిదాన్ని కంప్యూటర్ చూడలేదు కదా!

అందుకే అనుభవమున్న ఇంజినీరు గళ్లు మార్చి మళ్లీ లెక్కేస్తాడు. జవాబు మారిందా... ఆ అంకెను నమ్మి విద్యుత్కేంద్రం కట్టే ముందు ఇంకోసారి ఆలోచించాల్సిందే!