నెలకో నేరం, వెంటాడే గడువు

డిటెక్టివ్ నవలలో దొంగ వెనక పోలీసు పరుగెడతాడు. ఆ నవల రాసేవాడి వెనక పరుగెత్తేది మాత్రం గడువు. ఉర్దూ పాఠకులను దశాబ్దాల పాటు ఉర్రూతలూగించిన ఇబ్నె సఫీ జీవితమే అందుకు సాక్ష్యం.

అసలు పేరు అస్రార్ అహ్మద్. 1928లో అలహాబాద్ జిల్లా నారాలో పుట్టారు. 1952లో 'జాసూసీ దునియా' మాలికలో తొలి నవల 'దిలేర్ ముజ్రిమ్' వెలువడింది. అదే ఏడాది ఆయన కరాచీకి తరలిపోయారు. 1955లో 'ఇమ్రాన్ సిరీస్' కూడా తోడైంది. కథానాయకులు వేరు, రాసే చెయ్యి ఒక్కటే. ఎదురుచూసే పాఠకులు మాత్రం సరిహద్దుకు రెండువైపులా ఉన్నారు. తెలుగువారు కొమ్మూరి సాంబశివరావు 'యుగంధర్' కోసం ఎదురుచూసినట్టే.

మొత్తం నవలలు దాదాపు 245. మూడేళ్ల విరామం తీసేస్తే సగటున అయిదారు వారాలకు ఒకటి. చవక పుస్తకానికి మిగిలేది తక్కువ, అందుకే సంఖ్య తగ్గకూడదు. ఒక్క నెల తప్పితే ప్రెస్సు, ఏజెంటు, పుస్తకాల కొట్టు అందరూ ఇబ్బందిలో పడతారు. పైగా మొదటి పేజీల్లో విసిరిన ఆధారానికి చివరి పేజీలోగా లెక్క చెప్పాలి. తీరిగ్గా తిరగరాసుకునే వ్యవధి ఉండదు.

1960లో స్కిజోఫ్రేనియా ఆయన కలాన్ని ఆపేసింది. దానికి రాతే కారణమనడం తొందరపాటే అవుతుంది. కానీ రచయిత మంచాన పడ్డా మార్కెట్ ఆగదని మాత్రం తేలిపోయింది. ఆయన పేరును పోలిన పేర్లతో నకిలీ రచయితలు పుట్టుకొచ్చారు. రచయిత కోలుకునే దాకా ఆగే ఓపిక ఆ వ్యాపారానికి లేదు.

1963లో 'డేఢ్ మత్‌వాలే'తో ఇబ్నె సఫీ తిరిగొచ్చారు. భారత్‌లో దాన్ని ఆవిష్కరించింది లాల్ బహదూర్ శాస్త్రి. వారంలోపే రెండో ముద్రణ అవసరమైంది. ఆ వెంటనే పాత పరుగు మళ్లీ మొదలైంది. 1980 జులై 26న క్యాన్సర్‌తో కన్నుమూసేనాటికి 'ఆఖ్రీ ఆద్మీ' ఇంకా పూర్తికాలేదు.

గడువు కోసం రాసింది గడువు దాటాక నిలవదని పండితుల అభిప్రాయం. అయితే 2011లో చెన్నై ప్రచురణ సంస్థ బ్లాఫ్ట్ తెచ్చిన నాలుగు 'జాసూసీ దునియా' నవలలను ఇంగ్లిష్‌లోకి అనువదించింది ఎవరో కాదు, ఉర్దూ విమర్శలో దిగ్గజం షంసుర్ రహ్మాన్ ఫారూఖీ. రైల్వే స్టేషన్‌లో కొని చదివి పారేసే పుస్తకాలనుకున్నవి చివరికి పండితుడి బల్ల మీదకే చేరాయి.