వెండి నీరు.. భద్రపరిస్తే మందవుతుందా?

గోరంట్ల: వెండి పాత్రలో నీరు తాగితే ఆరోగ్యమన్న నమ్మకం తెలుగు ఇళ్లలో ఉన్నదే. ఆ నమ్మకానికి ఊతమిచ్చేలా ‘కొల్లాయిడల్ సిల్వర్’ సీసాలు ఇంటర్నెట్‌లో అమ్ముడవుతున్నాయి. జలుబు మొదలు క్యాన్సర్ వరకు అన్నింటికీ ఇదే మందన్న ప్రచారమూ సాగుతోంది. కొనే ముందు అసలు విషయం తెలుసుకోవడం మేలు.

ఏమిటిది?
అతి సూక్ష్మమైన వెండి రేణువులు నీటిలో తేలియాడే ద్రవమిది. ఇలాంటి వాటిని పాఠ్యపుస్తకాల్లో కాంజికాభ ద్రావణాలంటారు. ఆయుర్వేదంలోని రజత భస్మం వేరు, ఇది వేరు.

నిల్వ ఎలా?
వెలుతురు, వేడి, ఉప్పు తగిలితే రేణువులు ఒకదానికొకటి అతుక్కుని అడుగుకు చేరతాయి. అందుకే ముదురు రంగు గాజు సీసాలో, ఎండ సోకని చోట ఉంచాలంటారు. గడ్డకట్టినా పాడవుతుంది. ద్రవం నల్లబడినా, అడుగున మడ్డి కనిపించినా చెడినట్లే. అయితే ద్రవం చెడకుండా ఉన్నంత మాత్రాన మందుగా పనిచేస్తుందని కాదు.

గుణమెంత?
వెండికి సూక్ష్మక్రిములను చంపే శక్తి ఉంది. కాలిన గాయాలకు వైద్యులు రాసే సిల్వర్ సల్ఫాడయాజిన్ పూతమందు, కొన్ని నీటి ఫిల్టర్లు దీని ఆధారంగానే పనిచేస్తాయి. తాగినప్పుడు మాత్రం ఏ రోగమైనా నయమవుతుందనడానికి ఆధారాల్లేవు. కొల్లాయిడల్ సిల్వర్ మందులు సురక్షితమని గానీ, ఫలిస్తాయని గానీ గుర్తించబోమని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1999లోనే ప్రకటించింది. కరోనాకు మందంటూ దీన్ని అమ్మిన వారికి 2020లో హెచ్చరికలు పంపింది.

నష్టమేమిటి?
దీర్ఘకాలం తాగితే వెండి శరీరంలో పేరుకుని చర్మం నీలి బూడిద రంగులోకి మారుతుంది. దీన్నే ఆర్జీరియా అంటారు. ఆ రంగు సాధారణంగా జీవితాంతం పోదు. కొన్ని యాంటీబయాటిక్‌లు, థైరాయిడ్ మాత్రలు ఒంటికి పట్టకుండానూ ఇది అడ్డుపడుతుంది.

ఫ్లోరైడ్ పోదు
ఉమ్మడి అనంతపురం జిల్లాలోని పలు గ్రామాల్లో బోరు నీటితో ఫ్లోరైడ్ బెడద ఉంది. వెండి ద్రవం కలిపినంత మాత్రాన నీటిలోని ఫ్లోరైడ్ తొలగదు. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీరు దొరకని చోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. వెండికి పరిమితి 0.1 మిల్లీగ్రాము మాత్రమే.

చట్టం ఏమంటోంది?
మధుమేహం, క్యాన్సర్ వంటి రోగాలను నయం చేస్తామంటూ మందులకు ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి ఔషధాలు, మంత్ర చికిత్సల చట్టం నిషేధిస్తోంది. సీసాపై రాతలు నమ్మి చికిత్స మానుకుంటే జబ్బు ముదిరే ప్రమాదముంది. ఇప్పటికే వాడుతున్నవారు ఆ విషయం వైద్యుడికి దాచకుండా చెప్పాలి.