జీలుగులో నీళ్లు ఎక్కే దారి

బస్తర్ పల్లెల్లో సల్ఫీ చెట్టు ఆస్తి కింద లెక్క. ఆడపిల్ల పెళ్లిలో చెట్టునే ఇచ్చుకునే ఇళ్లూ ఉన్నాయి. చింతూరు, భద్రాచలం ఏజెన్సీలో జీలుగు అనేది దీన్నే. పూగెల కొసను రోజూ పలచగా గీసి కుండ కడితే తెల్లవారేసరికి తియ్యటి కల్లు దిగుతుంది. అలాంటి చెట్లు కొన్నేళ్లుగా నిలువునా ఎండిపోతున్నాయి, అదీ నేలలో తడి ఉండగానే. ఎందుకో తెలియాలంటే చెట్టు లోపల నీళ్లు నడిచే దారి చూడాలి.

మట్టిలోని నీటిని పీల్చేవి లేత వేళ్ల మీది మూలకేశాలు. నైట్రేట్, పొటాషియం లాంటి లవణాలు ఆ నీటిలో చాలా పలచగా ఉంటాయి. వాటిని వేరు కణాలు శక్తి ఖర్చుపెట్టి మరీ ఏరుకుంటాయి. వేరు లోపలి అంతశ్చర్మం అనే పొర, కణాల సందుల్లోంచి ఏదిపడితే అది జొరబడకుండా అడ్డుకుంటుంది. అది దాటితే నీటిని పైకి మోసే దారువు.

దారువు గొట్టాలు చచ్చిపోయిన కణాలే! లోపల ఏమీ లేకపోబట్టే నీళ్లు సాఫీగా పోతాయి. మరి ఏ పంపూ లేకుండా 40 అడుగుల పైకి ఎలా ఎక్కుతున్నాయి? ఆకుల్లోని పత్రరంధ్రాల గుండా నీరు ఆవిరవుతూ కింది నీటిని లాగుతుంది. నీటి అణువులు ఒకదాన్నొకటి వదలవు కాబట్టి, చేంతాడు లాగితే చేద పైకొచ్చినట్టు, వేరు దాకా ఉన్న ధారంతా కదులుతుంది. డిక్సన్, జోలీ అనే శాస్త్రవేత్తలు 1894లో ఈ సంగతి చెప్పారు. బతికున్న కణాలే నీటిని పైకి తోస్తాయని మన జగదీశ్ చంద్రబోస్ వాదించారు గానీ, ఆ వాదన నిలవలేదు.

కల్లు వచ్చే దారి వేరు. ఆకులు వండిన చక్కెరను పూలకూ కాయలకూ మోసే పోషక కణజాలం నుంచి కారే రసమది. అయితే ఆ చక్కెర, పక్కనున్న దారువు నుంచి నీటిని లాక్కుంటేనే రసం కదులుతుంది. దారువు మూసుకుపోతే కుండలోకీ ఏమీ దిగదు.

బస్తర్‌లో జరుగుతున్నది సరిగ్గా అదే. సల్ఫీని ఎండబెడుతున్నది ఫ్యుజేరియం ఆక్సిస్పోరం అనే శిలీంధ్రమని శాస్త్రవేత్తలు గుర్తించారు. అరటిలో పనామా తెగులు తెచ్చేది కూడా ఈ జాతిదే. మట్టిలోంచి వేరులో దూరి దారువులోకి పాకుతుంది. దాని పోగులూ, దాన్ని ఆపడానికి చెట్టు వదిలే జిగురూ కలిసి గొట్టాలను పూడ్చేస్తాయి. మద్ది, టేకు లాంటి చెట్లు ఏటా కొత్త దారువు పొర వేసుకుంటాయి. తాటి కుటుంబానికి చెందిన జీలుగుకు పాపం ఆ వెసులుబాటు లేదు. కాండంలో మొదట ఏర్పడిన గొట్టాలతోనే బతుకంతా గడవాలి.

అందుకే ఆకు వాడింది కదా అని నీళ్లు పోసినా ప్రయోజనం ఉండదు. శిలీంధ్రం మట్టిలో ఏళ్ల తరబడి బతికుంటుంది కాబట్టి ఎండిన చెట్టు గోతిలోనే మళ్లీ మొక్క నాటకూడదు. జబ్బు చెట్టు మొదట్లోని వాననీరు పక్క చెట్లకు పారకుండా కాలువ తీసి మళ్లించడం మేలు. కొత్త మొక్క కల్లుకు రావాలంటే 10 ఏళ్లకు పైనే పడుతుంది. ఇప్పుడు పచ్చగా ఉన్న చెట్ల వేళ్లను కాపాడుకోవడమే ముందు చేయాల్సిన పని.