కంగారు పడతారని దాచిన మాట

జెద్దాలో షరఫియా అంటే భారతీయుల పేట. హోటళ్లు, క్లినిక్‌లు, ఊరికి సామాను పంపే కార్గో ఆఫీసులు. మలయాళం ఎక్కువగా వినిపించినా తెలుగువాళ్లకూ అది కొత్త చోటు కాదు. 2020 మార్చి 15న సౌదీ అంతర్జాతీయ విమానాలను ఆపేసింది. ఆ తర్వాతి వారం భారత్ కూడా ఆపింది. ఏప్రిల్‌లో జెద్దా అంతటా 24 గంటల కర్ఫ్యూ. ఊళ్లో ముసలి తల్లిదండ్రులున్న వాళ్లకు ఇక ఫోను ఒక్కటే దిక్కు. ఇంటర్నెట్ కాల్స్ మీద నిషేధాన్ని సౌదీ 2017లోనే సడలించినా వాట్సాప్ కాల్ కలవడం గగనంగానే ఉండేది. అందుకే చాలామంది ‘ఇమో’ అనే యాప్ వాడేవారు.

గల్ఫ్ కుటుంబాల్లో ఒక అలవాటుంది. "అంత దూరాన ఉన్నోడికి చెప్పి ఏం లాభం? వాడేమో రాలేడు, ఊరికే కంగారు పడతాడు" అంటూ నాన్నకు జ్వరమొచ్చినా అమ్మ పడిపోయినా మాట దాటేస్తారు. ప్రేమతోనే దాస్తారు. అయితే కరోనా కాలంలో ఆస్పత్రులూ ఇదే దారి పట్టాయి.

హైదరాబాద్ గాంధీ ఆస్పత్రిలో ఒక కుటుంబం మొత్తం కరోనాతో చేరింది. భర్త చనిపోయారనీ, అంత్యక్రియలు కూడా అయిపోయాయనీ భార్యకు చాలా రోజుల తర్వాత గానీ తెలియలేదు. 2020 మేలో ఆ వ్యవహారం హైకోర్టుకు చేరింది. అప్పుడు చికిత్సలో ఉన్న ఆమె తట్టుకోలేరనే చెప్పలేదని నాటి ఆరోగ్యమంత్రి ఈటల రాజేందర్ వివరణ ఇచ్చారు. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ కడచూపు ఎవరికి దక్కాలో, ఎవరికి అక్కర్లేదో నిర్ణయించే హక్కు ఆస్పత్రికి ఎక్కడిది?

వృద్ధాశ్రమాల్లో ఈ మౌనం ఇంకా ప్రమాదం. కెనడాలో మాంట్రియల్ దగ్గర డోర్వాల్‌లోని హెరాన్ నివాసంలో కొన్ని వారాల్లోనే 31 మంది వృద్ధులు చనిపోయారని 2020 ఏప్రిల్‌లో బయటపడింది. లోపల ఏం జరుగుతోందో చాలా కుటుంబాలకు అంతవరకూ తెలియదు. బంధువుల రాకపోకలు ఆగిపోయాక, పెద్దవాళ్లకు అన్నం అందుతోందా, పక్కబట్టలు మార్చారా అని అడిగేవాళ్లే లేకుండా పోయారు.

అమెరికా 2020 మేలో ఒక నిబంధన తెచ్చింది. నర్సింగ్ హోమ్‌లో ఒక్కరికి కరోనా తేలినా, 72 గంటల్లో ముగ్గురికి కొత్తగా శ్వాస ఇబ్బందులు కనిపించినా, మర్నాడు సాయంత్రం 5 గంటల్లోగా అక్కడుండే వాళ్లకూ వాళ్ల కుటుంబాలకూ చెప్పాల్సి ఉండేది. చెప్పాలా వద్దా అన్న సందేహానికి అందులో చోటు ఉండేది కాదు.

మన 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం జిల్లాకో వృద్ధాశ్రమం గురించి మాట్లాడింది గానీ, ఇలాంటి గడువేదీ పెట్టలేదు. పైగా విదేశాల్లో చిక్కుకున్నవాళ్లను ఇంటికి తెచ్చే వందే భారత్ విమానాలు మొదలైనప్పుడు ప్రాధాన్యం దక్కినవారిలో ఇంట్లో మరణం సంభవించినవారూ ఉన్నారు. అయినవాళ్ల మరణవార్త సకాలంలో అందకపోతే, షరఫియాలోని కొడుకు ఆ సీటు ఎలా అడుగుతాడు?

అందుకే అమ్మనో నాన్ననో ఆశ్రమంలో చేర్చే రోజే కొన్ని సంగతులు కాగితం మీద రాయించుకోవడం మేలు. కబురు చెప్పాల్సిన బాధ్యత ఎవరిది, సౌదీ టైము ప్రకారం వారంలో ఏ రోజు ఏ గంటకు వీడియో కాల్, జ్వరమొస్తే ఎన్ని గంటల్లో చెబుతారు, ఫోను కలవకపోతే ఊళ్లో ఎవరికి చెబుతారు. పెద్దవాళ్లకు వినికిడి తగ్గి ఉంటే పక్కన కూర్చుని మాట అందించే ఆయా ఎవరో, ఆ పేరు కూడా.